ఎపిసోడ్ 23: అగ్గిపుల్లల పట్టాలు, తాతయ్య స్టేషన్

ఇవాళ టేబుల్ మీద ఉన్నది చూస్తున్నారు కదా, దీనిమీద రైలు నడవదు. ముందే చెప్పేస్తున్నా, "అన్నా, రైలు ఎప్పుడు వదుల్తావు" అని చివరిదాకా ఎదురుచూడొద్దు. ఇది ఒక చిన్న స్టేషన్ నమూనా. ఏ3 కాగితమంత చోటు. ఒక గది, ఒక ప్లాట్‌ఫాం ముక్క, రెండు పట్టాలు, ఒక చెట్టు, ఒక బోరింగు. అంతే.

ఈ స్టేషన్ ఇప్పుడు లేదు. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే లైను ఒకప్పుడు మీటర్ గేజ్. మా తాతయ్య గిద్దలూరు వైపు ఆ లైనులో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. 1990లలో దాన్ని బ్రాడ్ గేజ్ చేశారు. నల్లమలలో కొన్నిచోట్ల దారే మారిపోయింది, పాత లైను అడవికి వదిలేశారు. ఆయన పనిచేసిన ఆ చిన్న స్టేషన్ గది కూడా పోయింది. మా ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో. తాతయ్యకి ఇప్పుడు ఎనభై దాటింది, రెండు కళ్లకీ పొర వచ్చింది. ఆయనకి గుర్తున్నప్పుడే కట్టేయాలని నా తొందర.

సరే, పనిలోకి వద్దాం. మొదట స్కేల్. ఇది అర్థమైతే మిగతాదంతా కూడికలు, భాగహారాలే.

ప్రపంచంలో ఎక్కువమంది చేసే స్కేల్ పేరు హెచ్.ఓ. అంటే 1:87. అసలు వస్తువు కొలతని మిల్లీమీటర్లలో తీసుకుని 87తో భాగించడమే. ఈ స్కేల్‌లో బజార్లో దొరికే ట్రాకు వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణించండి, 1435 వస్తుంది. అది యూరప్, అమెరికా వాళ్ల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676. హెచ్.ఓ.లో అది 19.3 మిల్లీమీటర్లు ఉండాలి. అందుకే మనవాళ్లు ఇంట్లో మన ఇంజన్లు చేసి కొన్న ట్రాకు మీద పెడితే, పెట్టె సరిగ్గానే ఉంటుంది గానీ కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు కనిపిస్తుంది. దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా. బ్రిటన్ వాళ్లకీ ఇదే బాధ ఉంది. వాళ్ల ఓ.ఓ. స్కేల్ 1:76, కానీ అదే 16.5 ట్రాకు వాడతారు. ఏళ్ల తరబడి అలాగే సర్దుకుపోతున్నారు. కాబట్టి మీరు బ్రాడ్ గేజ్ చేసేటప్పుడు ఈ తేడా చూసి కంగారు పడొద్దు. రైలు నడవాలంటే సర్దుకోండి, షోకేసులో పెట్టడానికైతే 19.3 పెట్టి మీరే పట్టాలు వేసుకోండి.

మీటర్ గేజ్‌కి మాత్రం అదృష్టం బాగుంది. 1000ని 87తో భాగిస్తే 11.5. బయట 12 మిల్లీమీటర్ల ట్రాకు దొరుకుతుంది, అర మిల్లీమీటరే తేడా. నాది నడిచేది కాదు కాబట్టి సరిగ్గా 11.5 పెట్టాను. ఏ3 కాగితం 420 మిల్లీమీటర్ల పొడవు కదా, అంటే అసలులో 36 మీటర్ల పైన. వెడల్పు 25 మీటర్ల పైన. చిన్న స్టేషన్ ముక్కకి ఇది చాలు. ఇల్లంతా ఆక్రమించేది మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇప్పుడు అసలు చిక్కు. కొలతలు ఎక్కణ్ణించి తేవాలి? ప్లాను లేదు, బిల్డింగు లేదు. ఫోటోలో తాతయ్య గది తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఎత్తు అప్పట్లో అయిదడుగుల అయిదంగుళాలు, అంటే 165 సెంటీమీటర్లు. ఫోన్‌లో ఫోటో స్కాన్ చేసి, ఎడిటింగ్ యాప్‌లో కొలిస్తే ఆయన 220 పిక్సెల్స్ వచ్చాడు. ఒక పిక్సెల్ అంటే ముప్పావు సెంటీమీటరు. తలుపు 280 పిక్సెల్స్, అంటే 210 సెంటీమీటర్లు, ఏడడుగుల తలుపు. భాగిస్తే 24 మిల్లీమీటర్లు. కిటికీ, అరుగు, కప్పు చూరు అన్నీ ఇలాగే తీశాను. స్కేలు బద్ద తాతయ్యే అన్నమాట. ఒక జాగ్రత్త. మనిషి గోడకి ఆనుకుని ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. కెమెరా వైపు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడితే ఆయన పెద్దగా కనిపిస్తాడు, బిల్డింగు కొలతలన్నీ చిన్నవైపోతాయి. ఫోటో కూడా ఎదురుగా తీసినదై ఉండాలి, పక్క నుంచి కాదు.

గది పక్క గోడ ఫోటోలో లేదు. తాతయ్యని అడిగితే "పన్నెండు అంగలుండేదిరా" అన్నాడు. నా అంగ 75 సెంటీమీటర్లు వేసుకున్నాను. తొమ్మిది మీటర్లు, నమూనాలో 103 మిల్లీమీటర్లు.

గోడలకి 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు. ఎందుకంత మందం అంటే, పాత రైల్వే గోడలు రాతివి, అడుగున్నర దాకా ఉంటాయి. 5 మిల్లీమీటర్లంటే 43 సెంటీమీటర్లు, సరిపోయింది. పల్చటి అట్టతో కడితే తలుపు దగ్గర గోడ లోతు కనపడదు, అగ్గిపెట్టె లాగా ఉంటుంది. కట్టర్ బ్లేడు కొత్తది వేయండి. ఒకేసారి గట్టిగా నొక్కొద్దు, మెల్లగా నాలుగైదు సార్లు గీయండి. మొండి బ్లేడుతో బలం పెట్టినప్పుడే అది జారి వేలు తెగేది.

కప్పు మంగళూరు పెంకులు. దీనికి ముడతల అట్ట. మామూలు పెద్ద కార్టన్ ముడతలు ఈ స్కేల్‌కి మరీ లావు. పిజ్జా డబ్బా అట్ట చూడండి, ముడత సన్నగా ఉంటుంది. పైకాగితాన్ని తడిపి మెల్లగా ఊడదీస్తే లోపలి ముడతలు బయటపడతాయి. వాటిని అయిదు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, కింది వరస నుంచి పైకి, ఒకదానిమీద ఒకటి కొద్దిగా ఎక్కేలా అతికించాను. ఒకే ముక్కగా పెడితే రేకుల షెడ్డులా ఉంటుంది. రెండు మూడు పెంకులు పగలగొట్టండి కూడా. కొత్త పెంకుల స్టేషన్ నేనైతే ఎక్కడా చూడలేదు.

కిటికీ ఊచలకి కుట్టుదారం. అద్దానికి ఓ.హెచ్.పి. షీటు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. షీటుని సూపర్ గ్లూతో అంటించాను. పొద్దున లేచి చూస్తే అద్దాలన్నీ తెల్లగా మంచు పట్టినట్టయ్యాయి. ఆ గమ్ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లో ఉన్న ప్లాస్టిక్ మీద తెల్లపొరలా దిగుతుంది. కిటికీలకి ఫెవికాలే వాడండి, ఆరితే పారదర్శకం.

ఇక పట్టాలు. మీటర్ గేజ్ చెక్క స్లీపరు ఆరడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు ఉంటుంది. హెచ్.ఓ.లో 21 మిల్లీమీటర్లు, వెడల్పు రెండు పైచిలుకు. చేతిలో అగ్గిపుల్ల పట్టుకుని చూశాను. మందు తల కోసేసి సగానికి నరికితే దాదాపు అదే కొలత! ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు. ఎనిమిది మిల్లీమీటర్లకొకటి చొప్పున పేర్చాను, 420 మిల్లీమీటర్లకి యాభై పైన పట్టాయి. పేర్చేముందు ముతక గరుకుకాగితం మీద పొడవుగా రుద్దితే చెక్క చారలు తేలతాయి. తర్వాత నల్లరంగు, గోధుమరంగు బాగా పల్చన చేసి ముంచడం. ఒక్కో పుల్ల ఒక్కో ఛాయలో ఆరాలి, అన్నీ ఒకేలా ఉంటే ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చినట్టుంటాయి.

రైలు పట్టాకి సన్నటి ప్లాస్టిక్ పట్టీలు. పక్కలంతా తుప్పు రంగు. పైభాగం మీద మాత్రం రంగు వేయకుండా 8బి పెన్సిల్‌తో గట్టిగా రుద్దండి. చక్రాలు తిరిగి అరిగిన ఉక్కు మెరుపు అచ్చంగా వస్తుంది. సిల్వర్ పెయింట్ వేస్తే పెళ్లి కార్డులా ఉంటుంది.

పట్టాల మధ్య కంకర. మొదటిసారి బొంబాయి రవ్వకి రంగు వేసి పోశాను. సైజు చక్కగా కుదిరింది. వారం తిరక్కుండా చీమలు వచ్చి మొత్తం లైను ఎత్తుకుపోయాయి. నిజంగా, గేజ్ మార్పిడి కన్నా వేగంగా. కాబట్టి తినే వస్తువులు వద్దు. రెండంగుళాల కంకర ఈ స్కేల్‌లో అర మిల్లీమీటరు పైచిలుకు. ఇసుకని టీ వడకట్టేదాంట్లో పోసి, కిందికి దిగినదాన్ని మళ్లీ పల్చటి గుడ్డలో జల్లించి దుమ్ము తీసేస్తే మిగిలేది అదే. బ్రష్‌తో స్లీపర్ల మధ్య సర్దాలి. స్లీపరు పైన ఒక్క గింజ ఉండకూడదు. ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది.

అతికించడం ఎలా? ఫెవికాల్ సగం, నీళ్లు సగం. కానీ నేరుగా వేస్తే చుక్క ముత్యంలా నిలబడి, ఇసుకని చుట్టూ లాక్కుని ఉండ కడుతుంది. నీటికి తలతన్యత ఉంటుంది కదా, స్కూల్లో చదివాం, అదే. ముందుగా నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, స్ప్రే బాటిల్‌తో కొంచెం పైనుంచి మంచులా కొట్టండి. ఇసుక బాగా తడిశాక డ్రాపర్‌తో జిగురునీళ్లు వదిలితే లోపలికి ఇంకిపోతుంది. రాత్రంతా ముట్టుకోవద్దు. పొద్దున్నే రాయిలా ఉంటుంది.

వెనకాల కొండ థర్మాకోల్. దీంట్లో నా రెండో ఘనకార్యం. రంగు తొందరగా అయిపోతుందని స్ప్రే డబ్బా తీసుకుని నేరుగా కొట్టాను. కళ్లముందే కొండ కరిగి గుంట అయింది. స్ప్రే పెయింట్లలో ఉండే సాల్వెంటు థర్మాకోల్‌ని తినేస్తుంది. ముందు దానిమీద టిష్యూ పేపర్లు జిగురునీళ్లతో రెండు పొరలు, ఆపైన పల్చగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్. రంగు నీళ్లలో కలిపే ఆక్రిలిక్. ప్లాస్టర్ పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

నేల కోసం వాడేసిన టీ పొడి. మూడు రోజులు ఎండలో పెట్టాలి, తడి మిగిలితే బూజు పడుతుంది. ఎర్రమట్టిని సన్నగా జల్లించి దానిలో కలిపాను. గడ్డికి గోనెసంచి నార చిన్నగా కత్తిరించి, కుచ్చులుగా జిగురులో నిలబెట్టాను. దోమల బ్యాటుతో కరెంటు పెట్టి గడ్డి నిలబెట్టే పద్ధతి ఒకటుంది, పనిచేస్తుంది. కానీ బ్యాటు విప్పి వైర్లు బయటికి లాగాలి, ఆ షాక్ చిన్నది కాదు. నేను చేయను, మీకూ చూపించను. వేపచెట్టుకి పాత కరెంటు వైరులోని రాగి తీగలు మెలేసి కొమ్మలు, వాటిపై గిన్నెలు తోమే పచ్చ పీచుని విడదీసి, దాంట్లో రంగు వేసిన రంపపు పొట్టు.

రంగుల గురించి ఒక్క మాట. డబ్బాలో ఉన్న రంగు అలాగే వేయొద్దు. దూరంగా ఉన్న వస్తువు మన కంటికి వెలిసినట్టు కనిపిస్తుంది. నమూనాని చూడటమంటే దూరం నుంచి చూసినట్టే. ప్రతి రంగులో కొంచెం తెలుపు కలపండి. నలుపుకి బదులు ముదురు బూడిదరంగు. స్టేషన్ బోర్డు పసుపు కూడా అంతే. దానిమీద అక్షరాలు తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఫోన్‌లోనే డిజైన్ చేసి లేజర్ ప్రింట్ తీయించాను.

అయిపోయాక ఫోన్‌ని తలకిందులు చేసి టేబుల్ మీద పెట్టండి. అప్పుడు కెమెరా లెన్స్ కిందికొస్తుంది, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకి దగ్గరగా. ఈ స్కేల్‌లో తాతయ్య 19 మిల్లీమీటర్లే కదా. ఆ ఎత్తులో తీసిన ఫోటోలో మీ కళ్లు దాటేసిన ప్రతి లోపం దొరుకుతుంది. నాకు గోడ మూల దగ్గర సందు, ఒక స్లీపరు మీద జిగురు మెరుపు దొరికాయి.

పోయిన ఆదివారం తీసుకెళ్లి తాతయ్య ఒళ్లో పెట్టాను. కళ్లు సరిగ్గా కనపడవు కదా, వేళ్లతో తడిమాడు. కప్పు తడిమాడు, అరుగు తడిమాడు. పట్టాల మీద వేలు పెట్టి ఇటునుంచి అటు లాగాడు. చాలాసేపు ఏమీ అనలేదు. నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంది. తర్వాత అన్నాడు, "ఒరే అబ్బోడా, బోరింగు ఈడ కాదురా. చెట్టు కింద ఉండేది. చెట్టు ఆ పక్క గదా. మధ్యాన్నం పూట గ్యాంగంతా ఆడనే సద్ది తినేటోళ్లం. గడ్డపారలు, తట్టలు గోడకి ఆనించేవాళ్లం, యాడ పెట్టినావు అవి?"

పెట్టలేదు. ఫోటోలో అవి లేవు మరి.

ఇదిగో, ఇప్పుడు కెమెరా ముందు చేస్తున్నది అదే. చెట్టు వేళ్ల దగ్గర కొంచెం నీళ్లు పోస్తే ఫెవికాల్ మెత్తబడుతుంది... వస్తోంది... ఊడింది. బోరింగుని కూడా పీకేశా. రెండూ ఇటువైపు నాటుతున్నా. గడ్డపారలకి గుండుసూదులు, కొసలు సుత్తితో చదును చేశాను. తట్టలకి ట్యాబ్లెట్ రేకు మీద పెన్ను వెనకభాగంతో నొక్కితే గుండ్రటి గుంట వస్తుంది, అది కత్తిరిస్తే తట్ట. ఏడుగురికి ఏడు.

తాతయ్యకి ఒక కంటి ఆపరేషన్ వచ్చే గురువారం. ఈలోపు జిగురు ఆరాలి. ఉంటాను ఫ్రెండ్స్.