మారికుప్పం బండికి ముందు రాత్రి

పండగ సెలవు ముగిసే రాత్రి కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్ ఇళ్లలో కమ్ముకునే దిగులుకు బద్ధకమని పేరు పెట్టడం తేలిక. కానీ లెక్క చూడండి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక, ఇంటి పక్కనున్న పని చాలామందికి దాదాపు 90 కిలోమీటర్ల అవతలి బెంగళూరుకు జరిగిపోయింది. చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి, బంగారుపేట మీదుగా వెళ్లి, మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు సెలవంటే విశ్రాంతి ఒక్కటే కాదు, సొంత వీధిని పగటి వెలుతురులో చూడగలగడం. చేజారేది అదే గనుక బెంగ.

పాతతరం గనిలో 3 కిలోమీటర్ల లోతుకు దిగలేదా, రైల్లో కూర్చోవడానికి ఇంత ఏడుపా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గనిలో బండలు పేలేవి, రాతిధూళి ఊపిరితిత్తులను తినేసేది. ఆ కష్టంతో దీన్ని తూచకూడదు. అయినా షిఫ్టు దిగితే కార్మికుల ఇళ్ల లైన్లు దగ్గరే, ఇరుగుపొరుగూ గనివాళ్లే. నేటి ఉద్యోగికి ఆ రెండూ దక్కడం లేదు. బెంగళూరులోనే అద్దెకుండొచ్చుగా అంటారా? కొందరు వెళ్లారు కూడా. చిన్న జీతగాళ్లకు మాత్రం అద్దె పోగా మిగిలేదెంత? సెలవు చివర ఒకరోజు ఖాళీగా ఉంచుకోమనే సలహా మంచిదే, కాకపోతే తెల్లవారుజాము బండి వేళను అది మార్చదు.