'మూడు కొంటే ఒకటి ఉచితం': లాభమెంతో తేల్చేది తూకమే

బమ్రోలి (సూరత్): సబ్బులు, బిస్కట్లు, బట్టల పొడి ప్యాకెట్లపై 'మూడు కొంటే ఒకటి ఉచితం', 'ఒకటి కొంటే మరొకటి ఉచితం' అంటూ ప్రకటించే పథకాలు వినియోగదారునికి నిజంగా సొమ్ము మిగులుస్తున్నాయా? కొన్ని వస్తువుల విషయంలో మిగులుస్తున్నాయని, మరికొన్నింటి విషయంలో ఖర్చును పెంచుతున్నాయని లెక్కలు చెబుతున్నాయి. అయితే ఆ లాభం అందరికీ సమానంగా దక్కడం లేదు. నెల మొదట్లో చేతిలో నాలుగు డబ్బులు ఉన్నవారికే అది అందుతున్నది.

సూరత్ నగరంలోని బమ్రోలి ఇందుకు తగిన ఉదాహరణ. పాండేసరా పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం మరమగ్గాల షెడ్లకు పేరు పొందింది. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వలస వచ్చిన కార్మికులు ఇక్కడ అధిక సంఖ్యలో ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా పరిసరాలలో దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించవచ్చు. మగ్గంపై నేసిన మీటర్ల లెక్కన కూలి అందుకునే కుటుంబానికి ఇంటి సరుకులపై మిగిలే ప్రతి పది రూపాయలూ విలువైనవే.

పేరు 33, అసలు 25

'మూడు కొంటే ఒకటి ఉచితం' అన్నప్పుడు మూడింటికి ఒకటి లాభం కనుక మూడో వంతు తగ్గిందని చాలామంది భావిస్తారు. నిజానికి నాలుగు వస్తువులకు మూడింటి ధర చెల్లిస్తున్నారు కాబట్టి తగ్గింపు 25 శాతమే. 'రెండు కొంటే ఒకటి' అయితే 33 శాతం, 'ఒకటి కొంటే ఒకటి' అయితే 50 శాతం. తెచ్చిన నాలుగింటిలో ఒకటి పాడైపోయినా, అవసరం లేకుండా వాడేసినా ఆ 25 శాతం లాభమూ హరించుకుపోతుంది.

తూకంలో తేడా ఉంటే లాభం ముందే మాయమవుతుంది. 100 గ్రాముల సబ్బు ధర 40 రూపాయలు అనుకుందాం. గ్రాముకు 40 పైసలు పడుతుంది. అదే సబ్బును 75 గ్రాముల బిళ్లలుగా చేసి, నాలుగింటిని కలిపి 120 రూపాయలకు అమ్మితే 300 గ్రాములు వస్తాయి. అప్పుడూ గ్రాముకు 40 పైసలే. అట్టపై 'ఒకటి ఉచితం' అన్న అక్షరాలు తప్ప కొనుగోలుదారుకు అదనంగా దక్కినది లేదు.

ఈ చిక్కును తొలగించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం ప్యాకెట్ సరుకుల నిబంధనలను 2021 నవంబరులో సవరించింది. గరిష్ఠ చిల్లర ధరతో పాటు గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో కూడా ప్యాకెట్‌పై ముద్రించాలని ఆదేశించింది. పలుమార్లు వాయిదా పడిన ఈ నిబంధన 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. కిలోకు తక్కువ తూగే ప్యాకెట్లపై గ్రాము లెక్కన, అంతకు మించిన వాటిపై కిలో లెక్కన ధర ఉంటుంది. రెండింటినీ పోల్చేటప్పుడు గ్రాము ధరను వెయ్యితో హెచ్చవేయవలసి ఉంటుంది.

ఉచితం కాదన్న కేంద్రం

ఈ పథకాలలో రెండో వస్తువు ఉచితం కాదని ప్రభుత్వమే స్పష్టం చేయడం గమనార్హం. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2019 మార్చి 7న జారీ చేసిన సర్క్యులర్‌లో ఈ విషయాన్ని వివరించింది. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్నది పైకి దానంలా కనిపించినా, రెండు వస్తువులను కలిపి ఒకే ధరకు అమ్మడమేనని పేర్కొంది. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. ప్యాకేజీ ధరలో చేరి ఉన్న అంశాన్ని ఉచితమని వర్ణించరాదని వాటిలో ఉంది.

విదేశాలలోనూ ఈ పథకాలు వివాదాస్పదమయ్యాయి. బ్రిటన్‌లో 'విచ్?' అనే వినియోగదారుల సంస్థ సూపర్ మార్కెట్ల ధరల పద్ధతులపై 2015 ఏప్రిల్‌లో పోటీ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. అంతకుముందు 2013లో టెస్కో సంస్థ తన ప్యాకెట్ సలాడ్ ఆకులలో 68 శాతం వృథా అవుతున్నట్లు వెల్లడించి, పెద్ద ప్యాకెట్లపై ఇటువంటి పథకాలను మానుకుంది. అనారోగ్యకరమైన తినుబండారాలపై 'మూడింటిని రెండింటి ధరకే' వంటి పథకాలను ఇంగ్లండ్ ప్రభుత్వం 2025 అక్టోబరు 1 నుంచి నిషేధించింది.

మన దేశంలో 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ ప్రాంతాలలో మనిషికి సగటు నెలసరి ఖర్చు 6,996 రూపాయలు. అందులో ఆహారం వాటా 39.68 శాతం. ఆహార ఖర్చులో పానీయాలు, చిరుతిళ్లు, తయారు ఆహారాలదే అతి పెద్ద వాటా. పథకాల జోరు కనిపించేది కూడా ఈ సరుకులలోనే. సబ్బు నాలుగు ఉన్నాయని ఎవరూ రోజుకు నాలుగుసార్లు స్నానం చేయరు. బిస్కట్ ప్యాకెట్లు నాలుగు ఉంటే మాత్రం పిల్లలున్న ఇంట్లో అవి నాలుగు వారాలు నిలవవు.

అప్పు చేసి కొన్నా లాభమే, కానీ...

నిల్వ ఉండే వస్తువుల విషయంలో లెక్క వేరుగా ఉంటుంది. నెలకు ఒక సబ్బు వాడే ఇంటివారు 40 రూపాయల సబ్బులు నాలుగింటిని 120 రూపాయలకు కొన్నారనుకుందాం. మొదటి నెలలోనే అదనంగా 80 రూపాయలు పెట్టవలసి వస్తుంది. ఆ మొత్తాన్ని నెలకు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చి, నెలకు 40 చొప్పున తీర్చినా వడ్డీ 3 రూపాయల 60 పైసలే. నాలుగు నెలలలో నికరంగా 36 రూపాయల 40 పైసలు మిగులుతాయి. అంటే పథకం మంచిదే. అయితే ఆ 80 రూపాయలు సర్దేవారెవరు అన్నదే ప్రశ్న. సూపర్ మార్కెట్ అరువు ఇవ్వదు. అరువు ఇచ్చే వీధి కొట్టులో కొనేవారు ఏ రోజుకు ఆ రోజు చిన్న ప్యాకెట్లతో సరిపెట్టుకుంటారు.

అమెరికాలో యెషిమ్ ఓర్హున్, మైక్ పలాజోలో అనే పరిశోధకులు టాయిలెట్ కాగితం కొనుగోళ్లను పరిశీలించి 2019లో ఇదే విషయాన్ని నిర్ధారించారు. తక్కువ ఆదాయం గల కుటుంబాలు పెద్ద ప్యాకెట్లను, తగ్గింపు ధరలను తగినంతగా వినియోగించుకోలేకపోతున్నాయని, చేతిలో డబ్బు ఆడే నెల తొలి రోజులలో మాత్రం ఈ వ్యత్యాసం తగ్గుతున్నదని వారు తేల్చారు. పేదవారికి లెక్కలు తెలియక కాదు, పెట్టుబడి లేకనే నష్టపోతున్నారన్నది ఈ పరిశోధన సారాంశం.

ఈ ఇబ్బందికి సూరత్ కార్మికులకు తెలిసిన ఉపాయం ఒకటుంది. కుటుంబాలను స్వగ్రామాలలో విడిచి వచ్చినవారు 'మెస్'లలో కలిసి ఉంటూ, పదుల మందికి కావలసిన బియ్యం, పప్పు, నూనె ఒక్కసారే తెప్పించుకుంటారు. ఒక్కొక్కరు పెట్టలేని సొమ్ము పదిమంది కలిస్తే సమకూరుతుంది. ఒకే వరుసలో కాపురముండే నాలుగు కుటుంబాలు 120 రూపాయల సబ్బుల కట్టను కలిసి కొంటే తలా 30 రూపాయలకే సబ్బు వస్తుంది. నిల్వ బెడద, అప్పు బెడద రెండూ ఉండవు.

కొనే ముందు విడి ప్యాకెట్‌పై, పథకం ప్యాకెట్‌పై ఉన్న గ్రాము ధరలను, గడువు తేదీని పోల్చి చూడడం మేలు. గ్రాము ధర ముద్రించకపోయినా, గరిష్ఠ చిల్లర ధరకు మించి వసూలు చేసినా తూనికలు-కొలతల శాఖకు గానీ, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై గానీ ఫిర్యాదు చేయవచ్చు.