దీపం పెడితే తగ్గే జబ్బేనా?

మగవారి సమస్యకు ‘లైటు వైద్యం’.. అందులో నిజమెంత? అసలు చూడాల్సింది ఎక్కడ?

బస్టాండు ప్రహరీ మీద, రైలు పట్టాల పక్క గోడల మీద ‘నరాల బలహీనత.. గ్యారంటీ చికిత్స’ అన్న రాతలు సరిహద్దుకు ఇవతలా అవతలా ఒకేలా కనిపిస్తాయి. మారేది లిపి ఒక్కటే. బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, సోలాపూర్‌లో మరాఠీ. కింద లాడ్జి పేరు, రూము నంబరు, ‘డాక్టరు గారు’ వచ్చే తేదీ. ఇప్పుడా గోడ జేబులోకి వచ్చేసింది. ఫోను తెరిస్తే చాలు.. మాత్ర మింగక్కర్లేదు, సూది పొడిపించుకోనక్కర్లేదు, రోజుకు కాసేపు ఎర్ర లైటు పెట్టుకుంటే మగతనం తిరిగొస్తుందంటూ ప్రకటనలు. డబ్బా ఇంటికే వస్తుంది. పైన ఏం రాసి ఉండదు, పక్కింటివాళ్లకు తెలియదు. అమ్మేవాడికి మన సిగ్గు బాగా తెలుసు!

వెలుగుతో వైద్యం అనగానే కొట్టిపారేయడానికీ లేదు. కామెర్లతో పుట్టిన పసిబిడ్డను ఆస్పత్రిలో నీలి లైటు కింద పడుకోబెట్టడం చాలా ఇళ్లలో చూసిందే. చర్మానికి వచ్చే ఒకరకం క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చలికాలంలో ఎండ మొహం చూడని దేశాల్లో కొందరికి ఏటా దిగులు కమ్ముకుంటుంది. ఆ దిగులుకు ఉదయం పూట బలమైన లైటు ముందు కూర్చోబెడితే మేలు కలుగుతోందని అమెరికా వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో వెల్లడించింది. అది ఇప్పటికీ నడుస్తున్న చికిత్సే. మరి పడకగది సమస్య సంగతేంటి?

సియానాలో తేలిందేంటి?

ఈ ప్రచారానికి ఊపు తెచ్చింది ఇటలీలోని సియానా విశ్వవిద్యాలయం పరిశోధన. ఆండ్రియా ఫజోలీని బృందం దాన్ని 2016లో వియన్నాలో జరిగిన వైద్యుల సదస్సులో వివరించింది. కోరిక తగ్గిపోయిందనో, ఉద్రేకం కలగడం లేదనో వచ్చిన 38 మంది మగవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టును రోజూ పొద్దున్నే అరగంట సేపు 10 వేల లక్సుల లైటు పెట్టె ముందు కూర్చోబెట్టారు. రెండో జట్టుకూ అలాంటి పెట్టే పెట్టారు గానీ వెలుగు 100 లక్సులే. రెండు వారాలయ్యాక చూస్తే మొదటి జట్టులో లైంగిక సంతృప్తి పదికి 2 మార్కుల దగ్గర నుంచి 6.3కు పెరిగింది. రెండో జట్టు 2.7 దగ్గరే ఆగింది. పురుష హార్మోను టెస్టోస్టిరాన్ మొదటి జట్టులో మిల్లీలీటరుకు 2.1 నానోగ్రాముల నుంచి 3.6కు చేరితే, రెండో జట్టులో 2.3 దగ్గర నుంచి కదల్లేదు.

వినడానికి భలేగా ఉంది. అయితే ఆ 38 మందిలో సగం మందికే అసలు లైటు పడింది. అదీ రెండు వారాలు. దీన్ని చికిత్సగా ఇప్పుడే సిఫార్సు చేయలేమని, ఇంకా పెద్ద ఎత్తున పరీక్షించాలని చేసినవాళ్లే అప్పుడు చెప్పారు. కంటి జబ్బులున్నవారు, కాంతిని తట్టుకునే శక్తిని మార్చే మందులు వాడేవారు జాగ్రత్తగా ఉండాలనీ అన్నారు. ఆ మాటలు ప్రకటనల్లోకి రాలేదు.

అంతకన్నా పెద్ద తేడా ఒకటుంది. వాళ్లు చూసింది ప్రధానంగా కోరిక గురించి. కోరిక వేరు, అంగస్తంభన వేరు. మనసు నిండా కోరిక ఉండి శరీరం సహకరించక కుమిలిపోయేవారే వైద్యుల దగ్గరకు ఎక్కువగా వస్తారు. వాళ్లు కళ్ల ముందు లైటు పెట్టుకున్నా ఉపయోగం అంతంత మాత్రమే. పైగా ఆ పరిశోధనలో వాడింది కళ్లు చూసే తెల్లని వెలుగు. ఫోనులో అమ్ముతున్నది నడుం కింద కట్టుకునే ఎర్ర లైటు పట్టీ. ఒకదాని పేరు చెప్పి ఇంకోటి అంటగట్టడమన్నమాట. అంగస్తంభన చికిత్సలపై అమెరికా యూరాలజిస్టుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రలున్నాయి, సూదిమందులున్నాయి, వాక్యూమ్ పంపు ఉంది, శస్త్రచికిత్సా ఉంది. లైటు పట్టీ లేదు.

ఇంకోమాట. పొద్దున ఎనిమిదింటికి బళ్లారిలోనో రాయచూరులోనో ఆరుబయట నిలబడితే 10 వేల లక్సులకు మించే పడుతుంది. మన ఎండకు డబ్బులు కట్టి పెట్టె తెప్పించుకోవాల్సిన ఖర్మేంటి? పవర్‌లూమ్ షెడ్డులో రాత్రి పాళీ చేసి పగలంతా నిద్రపోయేవాళ్లకు ఆ వెలుగు కరవే, నిజమే. వాళ్లకైనా ముందు కావాల్సింది సరైన నిద్ర.

మిలాన్ చెప్పింది ఎవరూ వినలేదు

అదే ఇటలీ నుంచి 2003లో మరో పరిశోధన వచ్చింది. మిలాన్‌కు చెందిన మోంటోర్సీ బృందం ఛాతీనొప్పితో ఆస్పత్రికొచ్చి, గుండె రక్తనాళాలు పూడుకుపోయినట్లు యాంజియోగ్రామ్‌లో తేలిన 300 మంది మగవారిని అడిగింది. వాళ్లలో 147 మందికి, అంటే దాదాపు సగం మందికి అంగస్తంభన సమస్య ఉంది. ఆ 147 మందిలోనూ ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ముందొచ్చింది ఈ సమస్యే. గుండెనొప్పి తర్వాత వచ్చింది. మధ్య ఎడం సగటున 39 నెలలు. మూడేళ్లకు పైమాటే!

ఎందుకలా? స్తంభన అంటే రక్తం వేగంగా వచ్చి నిండటమే. నాళాల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై అవి వదులైతేనే అది జరుగుతుంది. రక్తనాళాల్లో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ ఇచ్చారు. అంగానికి వెళ్లే నాళాల వెడల్పు 1-2 మిల్లీమీటర్లు. గుండెవి 3-4 మిల్లీమీటర్లు. ఒంట్లో కొవ్వు పేరుకుంటున్నప్పుడు ముందు మూసుకుపోయేది సన్న గొట్టమే కదా. గోడ మీద రాసే ‘నరాల బలహీనత’ చాలామందిలో నరాలది కాదు, రక్తనాళాలది. షుగర్ ముదిరినవారిలో రెండూ దెబ్బతింటాయి. ప్రపంచవ్యాప్తంగా 145 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగడితే, షుగర్ ఉన్న మగవారిలో సగం మందికి పైగా ఈ ఇబ్బంది ఉన్నట్లు తేలింది.

నలభై దాటిన మనిషి ‘ఈ మధ్య అవట్లేదు’ అని లైటు కొనుక్కుని గదిలో కూర్చుంటే పోయేది ఆ డబ్బొక్కటే కాదు. గుండె ఇచ్చిన మూడేళ్ల గడువూ పోతుంది. ఇంట్లో ఆడమనిషికి మనసులో ఏదో అనుమానం, ఈయనకు చెప్పుకోలేని బాధ. ఈలోగా షుగర్, బీపీ తమ పని తాము చేసుకుపోతుంటాయి.

ఏది మింగినా తెలిసి మింగాలి

సిల్డెనాఫిల్ మాత్ర 1998లో బజారులోకి వచ్చింది. గుండెనొప్పి మందుగా పరీక్షిస్తుంటే దాని అసలు గుణం బయటపడింది. డాక్టరు చూసి రాస్తే బాగా పనిచేసే మందు. కానీ ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు దీన్ని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లాడ్జి వైద్యుడు ఇచ్చే పేరులేని పొట్లాలతో ఉన్న ముప్పు ఇదే. ‘మూలికలు’ అని అమ్మిన మాత్రల్లో రహస్యంగా సిల్డెనాఫిల్ కలిపినట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు బయటపెట్టింది. లైంగిక శక్తి పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడలకు మాత్రం ఆ సంగతి తెలిసినట్లు లేదు.

బీపీ మాత్రల్లో కొన్ని, దిగులుకు వాడేవి కొన్ని కూడా ఈ ఇబ్బంది తెచ్చిపెడతాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు, డాక్టరుకు చెబితే మార్చి ఇస్తారు. సిగరెట్టు, మందు సంగతి వేరే చెప్పాలా! తెల్లవారుజామున మామూలుగానే స్తంభన వస్తూ, భార్య దగ్గరే అవకపోతే కారణం ఒంట్లో కన్నా మనసులో ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క ముక్క చెప్పినా వైద్యుడికి సగం దారి తెలిసిపోతుంది.

డాక్టరుకు ఏ భాషలో చెప్పాలి?

సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే. బజారులో కన్నడం, మరాఠీ గడగడా మాట్లాడేవారికీ ఈ విషయం దగ్గరకొచ్చేసరికి ఇంటి భాష తప్ప నోరు పెగలదు. అందుకే తెలుగు మాట్లాడే లాడ్జి వైద్యుడు దగ్గరివాడిలా కనిపిస్తాడు. రాయచూరు రిమ్స్‌లో, సోలాపూర్ వైశంపాయన్ ఆస్పత్రిలో, బరంపురం ఎంకేసీజీలో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వచ్చేయనక్కర్లేదు. యానాం వాళ్లకు కాకినాడ దగ్గరే, అక్కడ భాష బెంగ లేదు.

కన్నడంలో దీన్ని ‘నిమిరువికె’ సమస్య అంటారు. తమిళంలో ‘విరైప్పు’, మరాఠీలో ‘తాఠరతా’. ఇవేవీ నోరు తిరగకపోతే ‘ఇ.డి.’ అంటే చాలు, ఏ రాష్ట్రంలో డాక్టరుకైనా అర్థమవుతుంది. ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరికెళ్లి బీపీ, పరగడుపున షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. టెస్టోస్టిరాన్ పరీక్ష పొద్దున్నే చేయించాలి, మధ్యాహ్నానికి అది తగ్గిపోతుంది. నడిస్తే ఆయాసమో, ఛాతీలో పట్టేసినట్లో ఉంటే అదీ అప్పుడే చెప్పాలి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లాలి. ఓపీలో పక్కన జనం ఉన్నారని మొహమాటం వేస్తే, చిన్న చీటీ మీద రెండక్షరాలు రాసి డాక్టరు చేతికిచ్చినా సరిపోతుంది.