పెరటిలో ఈత కొలను - కొటేషన్ల పరిశీలన

మొహెంజొదారో త్రవ్వకాలలో బయల్పడిన మహా స్నానవాటికను గురించి మనమందరం పాఠశాలలోనే చదువుకున్నాం. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు గల ఆ కొలనును నాలుగు వేల సంవత్సరాలకు పూర్వమే నిర్మించినవారు మూడు విషయాలలో ఎంతో శ్రద్ధ వహించారు. ఇటుకలను సందులేకుండా జిప్సం గచ్చుతో పేర్చి, నీరు ఇంకిపోకుండా తారువంటి సహజ బిట్యుమెన్ పొరను ఏర్పాటు చేశారు. వాడిన నీరు బయటకు పోవడానికి ఒక మూలన తూమును అమర్చారు. దిగడానికి, ఎక్కడానికి రెండు వైపులా మెట్లు కట్టారు. నీరు కారకపోవడం, నీటిని మార్చగలగడం, మనిషి క్షేమంగా దిగి రాగలగడం - నేటికీ కొలను మంచిచెడ్డలను నిర్ణయించేవి ఈ మూడే.

ఒకప్పుడు ఈత కొలను అంటే టౌన్‌షిప్ క్లబ్బులలోనో, పెద్ద హోటళ్ళలోనో చూడవలసినదే. ఇప్పుడు నగర శివార్లలో ఇల్లు కట్టుకొనేవారిలో కొందరు పెరటిలో ఒక చిన్న కొలను కూడా ఉండాలని ముచ్చట పడుతున్నారు. మనుమలు వేసవి సెలవులకు వస్తే ఆడుకుంటారని ఒక ఆశ, మోకాళ్ళ నొప్పులకు నీటిలో వ్యాయామం మంచిదని మరొక ఆలోచన. కోరికలో తప్పులేదు. అయితే దానికి వెచ్చించేది ఉద్యోగవిరమణ నాడు చేతికందిన గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్ము. ఆ సొమ్ము పోతే మళ్ళీ సంపాదించే వయస్సు కాదు.

ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు టెండరు పరిశీలన క్రొత్త కాదు. ధరావతు, రెండు కవర్ల పద్ధతి, పరిమాణాల పట్టిక, తులనాత్మక పట్టిక, టెండరు కమిటీ - ఇవన్నీ దాటనిదే ఆఫీసులో ఒక పంపు అయినా కొనం. అదే మన ఇంటి పని దగ్గరకు వచ్చేసరికి లెటర్‌హెడ్ మీద వ్రాసిన ఆరు పంక్తులను, అడుగున ఉన్న మొత్తాన్ని చూసి అడ్వాన్సు ఇచ్చివేస్తాం. సంస్థ సొమ్ము విషయంలో మనం పాటించే పద్ధతిని మన సొమ్ము విషయంలోనూ పాటిస్తే ఎంత మేలు జరుగుతుందో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ముందు మన కొలతలు

కాంట్రాక్టరును పిలిచి "ఎంతవుతుంది?" అని అడగడానికి ముందు, ఏమి కావాలో మనమే ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. లేకుంటే ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు వేర్వేరు కొలనులకు ధర చెబుతారు. వాటిని పోల్చడమంటే బస్తా బియ్యం ధరను బస్తా ఊక ధరతో పోల్చడమే.

మన కొలను 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల నీటిలోతు అనుకుందాం. గోడ ఎత్తు 1.35 మీటర్లు. ఇందులో పట్టే నీరు 38.4 ఘనపు మీటర్లు, అనగా 38,400 లీటర్లు. అడుగు వైశాల్యం 32 చదరపు మీటర్లు, నాలుగు గోడల లోపలి వైశాల్యం 32.4 చదరపు మీటర్లు. కాబట్టి టైల్సు వేయవలసిన వైశాల్యం సుమారు 64 చదరపు మీటర్లు. నీరంతా ఆరు గంటలకొకసారి వడపోత యంత్రం గుండా తిరిగి రావాలంటే, పంపు గంటకు 6,400 లీటర్లు పంపగలగాలి. హైస్కూలు లెక్కలు తెలిసిన పిల్లవాడు కూడా కట్టగలిగిన ఈ నాలుగైదు అంకెలు చేతిలో ఉంటే చాలు, కొటేషనులోని ప్రతి పంక్తినీ తూచవచ్చు.

కొటేషనులో లేనివి

కొటేషనులో వ్రాసినది ఎవరైనా చదువుతారు. వ్రాయనిదేమిటో వెదకడమే అసలైన పరిశీలన. సాధారణంగా కనిపించకుండా పోయే అంశాలు ఇవి: త్రవ్విన మట్టి తరలింపు, గట్టిరాయి తగిలితే అదనపు రేటు, నీరు ఊరితే తోడే ఖర్చు, వడపోత యంత్రం సామర్థ్యం, కొలను చుట్టూ జారని గచ్చు, విద్యుత్ కనెక్షను, మొదటిసారి నింపే నీరు, వస్తుసేవల పన్ను. మన ఉదాహరణలో పనివారు మసలడానికి చోటు వదలి త్రవ్వితే వచ్చే మట్టి 90 ఘనపు మీటర్లకు పైమాటే. దానిని ఎక్కడ పోయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

"తగిన సామర్థ్యం గల", "మంచి రకం", "అవసరాన్నిబట్టి" అనే మాటలు కనిపించినచోట ఎర్రసిరాతో గీత గీయాలి. పంపు గంటకు ఎన్ని లీటర్లు పంపుతుంది, కాంక్రీటు ఏ గ్రేడు, ఇనుము ఎన్ని మిల్లీమీటర్లది, ఎంతెంత దూరంలో - వీటికి అంకెలలో సమాధానం రావాలి. ద్రవాలను నిలువచేసే కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3370 ఉన్నది. దాని ప్రకారం ఇనుము వేసిన కాంక్రీటు ఎం-30 గ్రేడుకు తగ్గరాదు. భూగర్భ జలాశయాలకు, ఈత కొలనులకు నీరు కారకుండా చేసే పనికి ఐ.ఎస్. 6494 ఉన్నది. ఈ రెండు సంఖ్యలను కొటేషనులో చేర్చమని కోరితే, పని తెలిసిన కాంట్రాక్టరు సంతోషిస్తాడు. తెలియనివాడు తడబడతాడు. అదీ ఒక పరీక్షే.

మూడు కొటేషన్లు, ఒకే కొలమానం

ఇప్పుడు మూడు కొటేషన్లు వచ్చాయనుకుందాం. ఇందులోని ధరలు వివరణకోసం ఊహించినవి మాత్రమే. ఊరినిబట్టి, కాలాన్నిబట్టి అవి మారుతాయి. పద్ధతి మాత్రం మారదు.

మొదటివాడు 8,40,000 రూపాయలన్నాడు. పన్ను అదనం. టైల్సు 32 చదరపు మీటర్లని వ్రాశాడు, అనగా అడుగుకు మాత్రమే. వడపోత యంత్రం, మట్టి తరలింపు ప్రసక్తి లేదు. రెండవవాడు పన్నుతో, యంత్రంతో, పూర్తి టైల్సుతో, మట్టి తరలింపుతో కలిపి 10,90,000 అన్నాడు. అడుగున నీటి ఒత్తిడిని తగ్గించే ఏర్పాటు, చుట్టూ కంచె లేవు. మూడవవాడు అన్నీ కలిపి 12,60,000 అన్నాడు. పైపైన చూస్తే మొదటివాడే ఎల్-1.

ఇక లోటు భర్తీ చేద్దాం. మొదటివాని ధరకు 18 శాతం జి.ఎస్.టి. 1,51,200 కలిపితే 9,91,200 అవుతుంది. విడిగా కొనవలసిన వడపోత యంత్రానికి, అమరికకు 1,75,000. మిగిలిన 32 చదరపు మీటర్ల టైల్సుకు చదరపు మీటరు 1,500 చొప్పున 48,000. మట్టి తరలింపుకు 40,000. నీటి ఒత్తిడి ఏర్పాటుకు 30,000. కంచెకు 60,000. ఈ అదనపు ధరలన్నీ పన్నుతో కలిపినవే అనుకుందాం. మొత్తం 13,44,200. రెండవవానికి ఒత్తిడి ఏర్పాటు, కంచె మాత్రమే కలిపితే 11,80,000. మూడవవానిది యథాతథంగా 12,60,000. అందరికంటె తక్కువ అనుకున్నవాడు అందరికంటె ఎక్కువ అయినాడు. మొదటివాడు మోసగాడని దీని అర్థం కాదు. మనం అడగని వాటికి అతడు ధర చెప్పలేదు, అంతే. పని సగంలో ఉండగా ఆ అంశాలు ఒక్కొక్కటిగా "అదనం" పేరుతో వస్తాయి. అప్పటికి గొయ్యి త్రవ్వి ఉంటుంది కనుక కాదనే శక్తి మనకుండదు.

సమానంచేసిన ధర తరువాత నాణ్యతకూ కొంత తూకం ఇవ్వాలి. 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ జారీచేసిన మార్గదర్శకాలు, నాణ్యతకు ప్రాధాన్యం ఉన్నవిగా నిర్ణయించిన పనులలో ధరేతర అంశాలకు 30 శాతం వరకు విలువ ఇవ్వడానికి అవకాశం కల్పించాయి. ఇంటి పనిలో ఈ ధరేతర అంశాలను తెలుసుకొనే మార్గం సులభమే. రెండు మూడు వర్షాకాలాలు చూసిన కొలనులను చూపించమని అడిగి, స్వయంగా వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలితో నాలుగు మాటలు మాట్లాడాలి.

ఒకరి ధర మరొకరికి చూపి బేరమాడడం మాత్రం తగదు. బేరసారాలు సాధారణంగా ఉండరాదని, తప్పనిసరియైతే ఎల్-1తో మాత్రమే జరపాలని కేంద్ర విజిలెన్సు కమిషను 2007 మార్చిలో సూచించిన విషయం మనలో చాలామందికి విదితమే. అతిగా పిండిన ధర చివరకు సిమెంటు బస్తాలలోనో, ఇనుప కడ్డీలలోనో తగ్గుతుంది.

నేల గుణం, నీటి బలం

గోదావరి, కృష్ణా డెల్టాలలో కొద్ది లోతుకే నీరు పడుతుంది. హైదరాబాదు పరిసరాలలో కొద్ది లోతుకే గ్రానైటు రాయి తగులుతుంది. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. కనుక ఒక ఊరిలో కట్టిన కొలను నమూనా మరొక ఊరికి పనికిరాదు. ఒక మూలన రెండు మీటర్ల గొయ్యి ముందుగా త్రవ్వి చూపితేనే కొటేషను అడగడం మంచిది.

కొలను నిండుగా ఉన్నప్పుడు కంటె ఖాళీగా ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ అంటే ఆశ్చర్యం కలుగుతుంది. మన కొలను గోడలు 200, అడుగు 150 మిల్లీమీటర్ల మందమైతే కాంక్రీటు సుమారు 12 ఘనపు మీటర్లు, బరువు 30 టన్నులు. వర్షాకాలంలో భూగర్భజలం కొలను అడుగుకు ఒక మీటరు పైకి చేరితే, 37 చదరపు మీటర్ల బయటి అడుగును అది 37 టన్నుల బలంతో పైకి నెడుతుంది. శుభ్రపరచడానికి అప్పుడు నీరు తోడివేస్తే, కాంక్రీటు తొట్టి పడవవలె పైకి లేచి బీటలు వారవచ్చు. దీనిని నివారించడానికే అడుగున కంకర పొర, ఒత్తిడి విడుదల వాల్వు. ఈ రెండూ కొటేషనులో లేకపోతే, డెల్టా ప్రాంతాలలోనైనా ఆ కాగితాన్ని ప్రక్కన పెట్టాలి.

పిల్లల రక్షణ

ఇది ధరతో తూచదగిన అంశం కాదు. చిన్నపిల్లలు కేకలు వేయకుండా, చప్పుడు లేకుండా, కొద్దిపాటి నీటిలోనే మునిగిపోతారు. మనుమల కోసం కట్టిన కొలను వారికే ముప్పు కారాదు. నాలుగు వైపులా కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె, దానంతట అదే మూసుకొనే గేటు, లోతు అంకెలు, పట్టుకొని ఎక్కే కమ్మీలు తప్పక ఉండాలి. అడుగున ఒకే తూము ఉంటే పంపు లాగుడుకు జుట్టు, చేయి చిక్కుకొనే ప్రమాదం ఉన్నది కనుక దూరదూరంగా రెండు తూములు, గట్టి మూతలు కోరాలి. నీటిలోని దీపాలు 12 వోల్టులవై ఉండాలి. పంపు కనెక్షనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే విద్యుత్తును ఆపివేసే ఆర్.సి.సి.బి. ఉండాలి. వీటిని "తరువాత చూద్దాం" అని ఎవరైనా అంటే, ఆ కొటేషనును అక్కడితో వదలివేయడమే క్షేమం.

చెల్లింపులు, పరీక్ష

అడ్వాన్సు పదింట ఒక వంతు మించకుండా, మిగిలినది పని దశలనుబట్టి ఇవ్వాలి. టైల్సు వేయకముందే కొలనును నింపి పరీక్షించాలన్న షరతు వ్రాయించుకోవాలి. కాంక్రీటు తన వంతు నీటిని పీల్చుకొన్న తరువాత, ఒక బకెట్టును నీటితో నింపి కొలను మెట్టుపై ఉంచి, రెండు మట్టాలకూ గుర్తు పెట్టాలి. బకెట్టులో తగ్గినది ఆవిరైన నీరు. కొలనులో అంతకంటె ఎక్కువ తగ్గితే లీకేజి ఉన్నట్లే. మొత్తం సొమ్ములో 5 నుండి 10 శాతం పని పూర్తియైన తరువాత ఒక వర్షాకాలం గడిచేవరకు నిలిపి ఉంచాలి. మన సంస్థలలో లోపాల బాధ్యత కాలం ఉన్నట్లే ఇంటి పనికీ ఉండాలి.

కట్టిన తరువాత ఖర్చు

ఒక అశ్వశక్తి పంపు రోజుకు ఆరు గంటలు నడిస్తే నెలకు దాదాపు 135 యూనిట్లు. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే 160 లీటర్లు. క్లోరిను, శుభ్రపరచే మనిషి జీతం వేరు. ఇవన్నీ నెలనెలా పింఛను నుండి తీయవలసినవే. నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది తాగునీటి పథకాల కొలమానం. ఆ లెక్కన మన కొలనులో నీరు నలుగురు గల కుటుంబానికి 71 రోజుల అవసరం. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి ఏర్పడినప్పుడు ఈత కొలనులకు తాగునీరు వాడడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధిస్తామన్నారు. లక్షలు పోసి కట్టిన కొలను వేసవిలో, అదీ పిల్లలు వచ్చిన వేళ, ఎండిపోయి ఉండవచ్చునన్నమాట.

టెండరు షరతులలో తరచు కనిపించే ఒక వాక్యం మనకు బాగా పరిచయమే: కారణం చూపకుండానే అన్ని టెండర్లనూ తిరస్కరించే హక్కు సంస్థకు ఉంటుంది. ఇంటి యజమానికీ ఆ హక్కు ఉన్నది. లెక్కలన్నీ వేసిన తరువాత టౌన్‌షిప్ కొలనులోనో, ఊరి మునిసిపల్ కొలనులోనో పిల్లలకు ఈత నేర్పించడమే మేలని తోస్తే, అదీ సరియైన నిర్ణయమే. కట్టడానికే నిశ్చయించుకుంటే మాత్రం, ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చొని, టేపు పట్టుకొని పెరడు కొలిచి, కావలసినవన్నీ ఒక కాగితం మీద వ్రాసి, ఆ కాగితం నకళ్ళనే ముగ్గురు కాంట్రాక్టర్లకు ఇవ్వండి. మిగిలిన పరిశీలన దానితోనే సులువవుతుంది.