నాలుగు ట్రాకుల్లో పుట్టిన నాదం

1968లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 'పీపుల్ ఫన్నీ బాయ్' అనే రికార్డు వచ్చింది. అప్పటిదాకా ఊరూవాడా మోగుతున్న రాక్‌స్టెడీ బాణీ కంటే దాని దరువు వేరుగా ఉంది. పాట మధ్యలో ఓ పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. పాట రాసి, పాడి, పెట్టుబడి పెట్టి, ఆ ఏడుపును టేపు మీద కలిపింది ఒక్కరే: లీ పెర్రీ. రెగే రూపుదిద్దుకున్న తొలి రికార్డుల్లో దీన్ని లెక్కిస్తారు. ఆ రోజుల్లో జమైకాలో రికార్డు నిర్మాత అంటే డబ్బు పెట్టే మనిషి మాత్రమే కాదు. ఏ వాద్యం ఎంత వినిపించాలో, ఏది ఆగిపోవాలో తేల్చేదీ ఆయనే. ఆ పనిలో ఎంత భౌతికశాస్త్రం ఉందో చూద్దాం.

మైదానంలో పరీక్ష

పెర్రీ పని నేర్చుకున్నది క్లెమెంట్ 'కాక్సన్' డాడ్ దగ్గర. డాడ్ మొదట సౌండ్ సిస్టమ్ యజమాని. పెద్ద పెద్ద స్పీకర్లు, ఆంప్లిఫయర్లు ఆరుబయట పెట్టి రికార్డులు వేస్తే జనం రాత్రంతా నాట్యం చేసేవారు. 1963లో ఆయన బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో స్టూడియో వన్ తెరిచారు. కొత్త పాట తయారైతే ముందు ఒకే ఒక్క నమూనా డిస్కు కోసేవారు. అల్యూమినియం పళ్లెం మీద మెత్తని లాకర్ పూత ఉండే ఈ డిస్కు కొన్నిసార్లు వేస్తే అరిగిపోతుంది. దాన్ని మైదానంలో వేసి జనం కదలికను గమనించేవారు. జనం మెచ్చిన పాటే అచ్చుకు వెళ్లేది.

ఆరుబయట మోగడానికి తయారైన సంగీతం కాబట్టే రెగేలో బేస్ గిటారుకు అంత పెద్దపీట. బేస్ గిటారు అతి మంద్ర తీగ పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కనుక ఆ స్వరం తరంగదైర్ఘ్యం 8 మీటర్లకు పైనే. 3,000 హెర్ట్జ్ స్వరానికైతే అది 11 సెంటీమీటర్లే. పొట్టి తరంగాలను మనుషులు, గోడలు సులువుగా అడ్డుకుంటాయి. పొడుగు తరంగాలు ఆ అడ్డంకుల చుట్టూ వంగి ముందుకు సాగుతాయి. దీన్నే వివర్తనం అంటాం. వీధి చివర నిలబడ్డవారికి గాయకుడి మాటలు అందకపోయినా బేస్ అందేది అందుకే.

1970లో పెర్రీ వేలర్స్ బృందంతో 'సోల్ రెబెల్స్' ఆల్బమ్ చేశారు. బేస్ వాయించింది ఆస్టన్ బారెట్, డ్రమ్స్ ఆయన తమ్ముడు కార్ల్‌టన్. కార్ల్‌టన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే 'వన్ డ్రాప్' దరువులో నాలుగు దెబ్బల ఆవృత్తంలో మొదటి దెబ్బ ఖాళీ. బలమంతా మూడో దెబ్బ మీద పడుతుంది. మన తాళంలో సమం దగ్గర మౌనం పాటించినట్టు. ఆ ఖాళీలో బేస్ మరింత స్పష్టంగా పలుకుతుంది.

పావు అంగుళం టేపు

1973లో పెర్రీ తన ఇంటి పెరట్లో 'బ్లాక్ ఆర్క్' స్టూడియో కట్టుకున్నారు. అక్కడి టీయాక్ రికార్డరు టేపు వెడల్పు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. అందులో పక్కపక్కన నాలుగు ట్రాకులు. డ్రమ్స్, బేస్, గిటారు ఎక్కిస్తే మూడు నిండిపోతాయి. మరి ఆర్గన్, తాళవాద్యాలు, గొంతులు ఎక్కడ పెట్టాలి? నిండిన మూడింటినీ కలిపి నాలుగో ట్రాకులోకి ఎక్కిస్తారు. మొదటి మూడూ మళ్లీ ఖాళీ అవుతాయి.

దీనికి మూల్యం ఉంది. టేపు మీది అయస్కాంత రేణువుల వల్ల ఎప్పుడూ సన్నని బుస వినిపిస్తుంది. నకలు తీసిన ప్రతిసారీ పాత బుసకు కొత్త బుస తోడవుతుంది. రెండూ సమానమైతే దాని శక్తి రెట్టింపు, అంటే 3 డెసిబెల్స్ ఎక్కువ. పై స్వరాల పదును కూడా కొంత తగ్గుతుంది. పైగా ఒకసారి కలిపేశాక డ్రమ్స్‌ని విడిగా తగ్గించడం, పెంచడం కుదరదు. పాట చివరికి ఎలా ఉండాలో నిర్మాత చెవికి ముందే తెలిసి ఉండాలి. బ్లాక్ ఆర్క్ పాటల్లో వినిపించే ఆ పొగమంచు లాంటి చిక్కదనంలో ఈ నకళ్ల పాత్ర పెద్దది.

ప్రతిధ్వని లెక్క

పెర్రీ చేతిలోని మరో సాధనం రోలాండ్ స్పేస్ ఎకో. ఇందులో ఒక టేపు చుట్ట ఆగకుండా తిరుగుతుంది. రికార్డింగ్ హెడ్ ధ్వనిని రాస్తే, కాస్త దూరంలో ఉన్న ప్లేబ్యాక్ హెడ్ దాన్ని చదువుతుంది. ఆ దూరాన్ని టేపు వేగంతో భాగిస్తే ఆలస్యం వస్తుంది. ఉదాహరణకు, సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో కదిలే టేపు మీద హెడ్ల మధ్య 3.8 సెంటీమీటర్లు ఉంటే ఆలస్యం 0.2 సెకను. నిమిషానికి 75 దెబ్బల పాటలో ఇది సరిగ్గా పావు దెబ్బ. వేగాన్ని కొద్దిగా మారిస్తే ప్రతిధ్వని కూడా లయలో భాగమైపోతుంది. చదివిన ధ్వనిలో 60 శాతాన్ని తిరిగి రికార్డింగ్ హెడ్‌కు పంపితే, అలా ఐదు చుట్లు తిరిగాక అది 8 శాతానికి తగ్గుతుంది. 100 శాతం దాటిస్తే ప్రతి చుట్టూ పెరిగి గోల అవుతుంది. ఆ అంచు దాకా వెళ్లి వెనక్కి లాగడంలోనే పెర్రీ పనితనం కనిపిస్తుంది. 1976లో జూనియర్ మర్విన్ పాడిన 'పోలీస్ అండ్ థీవ్స్' ఈ స్టూడియోలో తయారైందే.

ఈ వైభవానికి ఒక చేదు పార్శ్వం ఉంది. వాద్యకారులకు చాలావరకు పాటకింతని ఒక్కసారి ఇచ్చే కూలే దక్కింది. రికార్డు ఎంత అమ్ముడైనా మరో పైసా రాలేదు. జమైకా సొంత కాపీరైటు చట్టం అమల్లోకి వచ్చేసరికి 1993 అయింది. రెగేని మెచ్చుకునేటప్పుడు ఈ అన్యాయాన్నీ గుర్తుంచుకోవడం మన బాధ్యత.

పెర్రీ 2021లో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పని వినదలచుకుంటే ఫోను స్పీకర్ మీద వినకండి. 41 హెర్ట్జ్ స్వరాన్ని వినిపించే శక్తి ఆ చిన్న స్పీకర్‌కు లేదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటిసారి బేస్‌ను మాత్రమే అనుసరించండి. రెండోసారి ప్రతిధ్వనులను లెక్కపెట్టండి. గాయకుడి పేరు పక్కన నిర్మాత పేరు ఎందుకు ఉండాలో మీకే తెలుస్తుంది.