ఇంకు వద్దు, అమ్మమ్మా!

మొన్న దీపావళినాడు కాకరపువ్వొత్తి తగిలి మా చిన్న మనవరాలి చెయ్యి కాలింది. నేను ఇంకు సీసా కోసం వెదుకుతున్నాను. గైడ్స్‌లో చేరిన పెద్దది, పన్నెండేళ్ళ పిల్ల, "ఇంకు వద్దు, అమ్మమ్మా" అంటూ చెల్లెలి చేతిని కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. "ఆదివారం ట్యూషన్ మానిపించి ఆ డేరాలెందుకే?" అని ఆ ముందు వారమే మా అమ్మాయితో వాదించినదాన్ని నేను!

ఆ రాత్రి నాకు ముడులు నేర్పింది. కుడికొస ఎడమ మీదుగా, తిరిగి ఎడమకొస కుడి మీదుగా వేస్తే రీఫ్ నాట్. కట్టు కట్టినా ఒత్తుకోదు. రెండుసార్లూ కుడికొసే పైన వేస్తే జారిపోతుంది. యాభై ఏళ్ళుగా నేను వేస్తున్నది ఆ జారేదేనట! మనిషిని పైకి లాగడానికి బోలైన్; దాని ఉచ్చు బిగుసుకోదు.

మా బెంగుళూరులో స్కౌట్ దళం 1909లోనే వెలిసింది. కాని అప్పట్లో మన పిల్లలకు అందులో చోటులేదు. అందుకే 1916లో మద్రాసులో అనీబిసెంట్ భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టింది. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పదేళ్ళు నిండిన మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. చిన్నవాళ్ళు కబ్‌లు, బుల్‌బుల్‌లు.

వచ్చే నెల శిబిరంలో పెద్దది కట్టెల పొయ్యి మీద వండాలట. పప్పులో పోపు ఎప్పుడు వేయాలో నన్నడిగి రాసుకుంది.