కొత్త మంచు తినవచ్చునా?

మంచు కురిసే దేశాలకు పై చదువులకు వెళ్ళబోయే మన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. కెనడాలోని మాంట్రియల్‌లో చదువుకునే రోజుల్లో, మొదటిసారి మంచు పడిన నాడు నేనూ గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నవాణ్ణే.

తినవచ్చు, కొద్దిగా. అయితే అది ఎక్కడిదో, ఎప్పటిదో చూసుకోవాలి. మంచు రేకులు కిందికి దిగుతూ గాలిలోని మసిని, ధూళిని పట్టుకుంటాయి. అందుకని మొదట కురిసినదానికంటే గంటో రెండు గంటలో గడిచాక కురిసినది శుభ్రం. వాహనాల పొగలోని హానికర రసాయనాలను మంచు పీల్చుకుంటుందని మాంట్రియల్‌లోనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. కనుక రోడ్డు పక్కది వద్దు. యంత్రాలు తోసిన కుప్పల్లో ఇసుక, ఉప్పు కలిసి ఉంటాయి. పసుపుపచ్చగా ఉంటే ఏ జంతువు పనో చెప్పనక్కరలేదు. ఎత్తయిన కొండల మీద గులాబీ రంగులో కనిపించేది నాచు; దాన్నీ ముట్టవద్దు. నేనైతే మంచు పడటం మొదలైన చాలాసేపటికి, రోడ్డుకు దూరంగా పెరట్లో స్టీలు గిన్నె పెట్టేవాణ్ణి.

అక్కడివారికి మంచుతో ఒక మిఠాయి ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మేపుల్ చెట్ల రసాన్ని కాచి, ఆ వేడి పాకాన్ని శుభ్రమైన మంచు మీద ధారగా పోస్తారు. అది సాగుడుగా గట్టిపడగానే పుల్లకు చుట్టి ఇస్తారు. అరిసెల పాకం కుదిరిందో లేదో అని అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి చూసేది గుర్తుకొచ్చింది.

దాహానికి మాత్రం మంచు తినకండి. ఒక ఫిబ్రవరిలో స్నేహితుడితో చాలా దూరం నడిచాను. సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. గుప్పెళ్ళకొద్దీ మంచు తిన్నాం. దాహం తీరలేదు సరికదా, వణుకు పట్టుకుంది. కిలో మంచు కరగడానికి 80 కిలో కాలరీలు, ఆ నీళ్ళు ఒంటి వేడికి రావడానికి మరో 37 కావాలి. అదంతా మన శరీరమే ఇచ్చుకోవాలి. పైగా మెత్తటి కొత్త మంచు పది గ్లాసులు కరిగితే వచ్చేది సుమారు ఒక గ్లాసు నీళ్ళు. తప్పనిసరైతే కరిగించి, మరిగించి తాగాలి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఉప్పు, రసాయనాలు పోవు.

"అంత చలిలో దాహమేమిట్రా?" అని అమ్మ ఫోనులో ఆశ్చర్యపోయింది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది, ఊపిరితోనే ఒంట్లోని నీరు పోతుంది. ఆ తరువాత నుంచి నీళ్ళ సీసా కోటు లోపల పెట్టుకునేవాణ్ణి, మళ్ళీ గడ్డకట్టలేదు.